అంతర్జాల సంభాషణమున మారుపేరు: గుణదోష విచారము

వ్రాసినది నిలుచును, పలికినది గాలిలో కలియును. వ్రాయువాడు చదువరికి దూరమున ఉండును. పలుకువాడు శ్రోత కెదుట ఉండును. వ్రాతకును మాటకును గల ఈ భేదము చిరకాలము చెక్కుచెదరక నిలిచినది. ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున గణకయంత్రముల సాయమున వ్యాప్తికి వచ్చిన తత్క్షణ సంభాషణము ఈ రెండింటికిని మధ్యస్థమైనది. దీనినే లోకమున చాట్ అని వ్యవహరించుచున్నారు. ఇందు మాటలాడువారు నిజమునకు వ్రాయుచుందురు. ఐనను ప్రత్యుత్తరము మాటవలె వెనువెంటనే వచ్చును. ముఖము కనబడదు, కంఠము వినబడదు. కాని ఎదుటివాడు ఆ క్షణముననే అక్కడ ఉన్నాడు. ఇట్టి సంభాషణమున పాల్గొనువాడు తన పేరు చెప్పియే తీరవలెనా, దాచుకొనవచ్చునా అను ప్రశ్న నేటికిని తెగలేదు.

దాచుకొనుట స్వేచ్ఛకు ఆధారమని ఒక పక్షమువారును, దౌష్ట్యమునకు తెర యని మరొక పక్షమువారును వాదించుచున్నారు. ఇరువాదములకును ప్రబల నిదర్శనములు కలవు. కాని ఇరుపక్షములవారును మూడు వేర్వేరు విషయములను ఒక్కటిగా కలిపి మాటలాడుచున్నారని నా అభిప్రాయము. ఏ పేరును లేకుండుట ఒకటి; కల్పించుకొన్న పేరు నొకదానిని స్థిరముగా ధరించుట మరొకటి; బ్రదికియున్న వేరొకరి పేరు తీసికొనుట ఇంకొకటి. వీనిని వరుసగా అనామకత్వము, మారుపేరు, పరనామగ్రహణము అని ఈ వ్యాసమున పేర్కొందును. తత్క్షణ సంభాషణ చరిత్రను ఈ భేదముతో పరిశీలించినచో, గుణములలో అధికభాగము మారుపేరునకును, దోషములలో అధికభాగము తక్కిన రెండింటికిని చెందునని తేలును. ఈ సూత్రమునకు లొంగని సందర్భములును కొన్ని కలవు. వానిని దాచక పరిశీలింతము.

చరిత్ర

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున విద్యాబోధనకై ప్లేటో అను గణకవ్యవస్థను నిర్మించిరి. 1973లో డగ్ బ్రౌన్ అనునతడు దానియందు టాకొమాటిక్ అను సంభాషణ సాధనమును రూపొందించెను. ఒక్కొక్క మార్గమున ఐదుగురు ఏకకాలమున మాటలాడుటకు వీలుండెను. ఒకరు మీటలు నొక్కుచున్నకొలదియు అక్షరమక్షరమే ఇతరుల తెరలపై ప్రత్యక్షమగుచుండెను. సందేహించి ఆగుటయు, తప్పు వ్రాసి చెరిపివేయుటయు సైతము దాగకుండెను. ఆ వ్యవస్థలో ప్రవేశించువారు తమకు నమోదైన పేరును, తాము చేరిన వర్గము పేరును తెలుపవలసియుండెను. కావున తత్క్షణ సంభాషణము అజ్ఞాతత్వముతోడనే పుట్టినదను భావము సరికాదు. అది మొదట ఒక విద్యాసమాజములోని సభ్యుల నడుమ పుట్టినది.

మారుపేరు వేరొక దారిని వచ్చి చేరినది. అమెరికాలో సామాన్యప్రజల వాడుకకై విడిచిన సి.బి. రేడియో అనునది కలదు. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత, 1974లో రహదారులపై గంటకు 55 మైళ్ల వేగపరిమితి ఏర్పడగా, లారీ చోదకులు పోలీసుల ఉనికిని, చమురు దొరకు తావులను పరస్పరము తెలుపుకొనుటకై ఆ రేడియోను విరివిగా వాడిరి. ప్రభుత్వ మిచ్చిన గుర్తింపు సంకేతములను పలుకక, జనులు తమకు నచ్చిన పేర్లను పెట్టుకొనిరి. కంప్యూసర్వ్ అను సంస్థలో పనిచేయుచున్న శాండీ ట్రెవర్ ఈ ఆచారమునే గణకయంత్రమునకు తెచ్చి, 1980లో సి.బి. సిమ్యులేటర్ అను సంభాషణశాలను ప్రారంభించెను. రేడియోలోవలెనే ఇందును 40 మార్గములు; రేడియోలోవలెనే ఇందును మారుపేర్లు. రుసుము వసూలుచేయు సంస్థకు సభ్యు డెవరో తెలియును. తోటి సభ్యులకు మాత్రము తెలియదు. ఈ ద్వంద్వస్థితిని చదువరులు గుర్తుంచుకొనవలెను. పేరు ఎవరికి తెలియవలెను, ఎవరికి తెలియనక్కరలేదు అను విచారమునకు ఇదియే బీజము.

ఫ్రాన్సు దేశమున మినిటెల్ అను టెలిఫోను ఆధారిత వ్యవస్థలో సైతము ఇట్టిదే జరిగినది. స్ట్రాస్‌బూర్ నగరమున ఒక ప్రాంతీయ దినపత్రిక నడిపిన గ్రెతెల్ అను సేవలో 1980ల ఆదియందు తత్క్షణ సందేశములు మొదలై, త్వరలోనే సంభాషణశాలలు దేశమంతట వెలసెను. 1984లో టెలిఫోను శాఖ ఏర్పరచిన పద్ధతి ప్రకారము రుసుము టెలిఫోను బిల్లులోనే చేరుచుండెను; సేవ నడుపువారికి వినియోగదారుని పేరు చేరకుండెను. ఈ చాటున శృంగారసంభాషణములు విపరీతముగా పెరిగి లోకనిందకు పాత్రము లయ్యెను. 2012 జూన్ 30న మినిటెల్ సేవలు నిలిచిపోయెను.

1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయమున యార్కో ఓయికారినెన్ ఐ.ఆర్.సి. అను సంభాషణ విధానమును నిర్మించెను. అంతర్జాలమున దేశదేశముల వారిని ఒక్కచోట కూర్చినది ఇదియే. 1993లో ప్రకటించిన దాని నియమపత్రము మారుపేరునకు తొమ్మిది అక్షరముల పరిమితి విధించినది. ఆ పేరు ఎవరి సొత్తును కాదు. ఒకడు సభ విడిచిన మరుక్షణమున మరొకడు ఆ పేరు ధరింపవచ్చును. దీనివలన కలహములు పెరిగెను. 1994లో వెలసిన డాల్‌నెట్ అను ఐ.ఆర్.సి. వ్యవస్థ కాలక్రమమున, మారుపేరును నమోదు చేసికొని రహస్యపదముతో కాపాడుకొను ఏర్పాటును కల్పించెను. ఇక్కడ ఒక విశేషమున్నది. ఆ జనులు కోరినది అసలు పేర్లు బయలుపడవలెనని కాదు. తమ మారుపేరునకు రక్షణ కావలెనని. ఏలయన ఆ పేరుతో వారు స్నేహములను, మర్యాదను, మాటకు విలువను సంపాదించుకొనియుండిరి. మారుపేరు తొడుగు మాత్రమే కాదు, కాలక్రమమున ఆస్తి యగునని ఇందువలన తెలియుచున్నది.

గుణములు

అజ్ఞాతత్వమువలని ప్రథమప్రయోజనము రక్షణము. 1991 ఆగస్టులో సోవియటు దేశమున అధికారము హస్తగతము చేసికొనుటకు కొందరు యత్నించినపుడు మాస్కో వార్తలు ఐ.ఆర్.సి. ద్వారమున ఇతర దేశములకు అందెను. అట్టి దినములలో వార్త చెప్పువాని పేరు అడుగుట అతనిని అపాయమునకు ఒప్పగించుటయే.

రెండవది ఆర్తులకు ఊరట. 1953లో లండనులో చాడ్ వరా అను మతాచార్యుడు ఆత్మహత్యకు సిద్ధపడినవారు టెలిఫోనుమీద మాటలాడుటకై సమారిటన్స్ సంస్థను స్థాపించెను. పేరు చెప్పనక్కరలేకుండుటయే దాని బలము. అమెరికాలో లైంగిక అత్యాచార బాధితులకు సాయపడు రెయిన్ అను సంస్థ 2006లో ఇదే పద్ధతిని తత్క్షణ లిఖిత సంభాషణమునకు తెచ్చెను. నోట పలుకలేని మాటను చేతితో వ్రాయగల బాధితు లెందరో కలరు. ఇచ్చట ప్రయోజనకారి మారుపేరు గాక శుద్ధమైన అనామకత్వమే. నా సూత్రమునకు ఇది మొదటి మినహాయింపు. కాని ఒక్కటి గమనింపవలెను. ఇందు ఒక పక్షమువారే అనామకులు. వినువారు శిక్షణ పొంది, ఒక సంస్థకు జవాబుదారులై ఉన్నవారు.

మూడవది సమానత. తెలుగునాట ఇది సామాన్యమైన విషయము కాదు. మన ఇంటిపేరు ఊరిని తెలుపును, పెక్కుమార్లు కులమును తెలుపును. పేరు చివరి పదము సైతము అట్లే. పేరు వినినంతనే ఎదుటివాని మాటకు ఎంత తూకము ఈయవలెనో నిర్ణయించు అలవాటు మన సంఘమున తొలగలేదు. మారుపేరుతో మాటలాడు దళితునికి తన మాట తన మాటగానే వినబడు అవకాశము కలుగును. స్త్రీకి తాను స్త్రీ యగుటవలన వచ్చిపడు వెకిలి పలుకరింపులు తప్పును.

ఈ సందర్భమున భాషాసంబంధమైన విషయ మొకటి చెప్పవలసియున్నది. తెలుగున ఉత్తమపురుష క్రియ లింగమును తెలుపదు. “వచ్చితిని” అన్నను, నేటి వాడుకలో “వచ్చాను” అన్నను పలికినది పురుషుడో స్త్రీయో తెలియదు. హిందీలో “ఆయా”, “ఆయీ” అను భేదము తప్పదు. కావున లింగమును దాచుకొని తన్నుగూర్చి చెప్పుకొనుట హిందీవానికంటె తెలుగువానికి సులభము. కాని ఎదుటివానిని సంబోధించుట మాత్రము మనకు కష్టము. ఆంగ్లమున ఒకే సర్వనామము రాజునకును సేవకునకును చెల్లును. తెలుగున “నువ్వు” అనవలెనా, “మీరు” అనవలెనా అనునది వయస్సును, హోదాను, చనువును తెలిసికొనినగాని తేలదు. అన్నయ్యా, అక్కా, బాబాయ్ అను వరుసపిలుపులకును అట్లే. లోకమంతట సంభాషణశాలలలో మొదటి ప్రశ్న వయస్సు, లింగము, ఊరు అనునవి యై, “ఎ.ఎస్.ఎల్.” అను మూడు పొడి అక్షరములుగా స్థిరపడినది. ఆంగ్లేయునకు అది కుతూహలము; తెలుగువానికి అది వ్యాకరణావసరము గూడ. ఏమియు తెలియనిచో అందరిని “మీరు” అనుట ఒక్కటే మార్గము. అజ్ఞాతత్వము ఈ విధముగా మనచేత అపరిచితులకు సైతము గౌరవవాచకము పలికించును. దీనిని ఒక గుణముగా ఎంచవచ్చును.

దోషములు

అజ్ఞాతత్వము నోటికి కట్టు విప్పునని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు జాన్ సూలర్ 2004లో ప్రకటించిన వ్యాసమున విపులముగా నిరూపించెను. ఈ విడుపు సౌమ్యముగను ఉండవచ్చును, విషపూరితముగను ఉండవచ్చునని ఆయన మతము. దానికి ఆయన చూపిన కారణములు ఆరు. అజ్ఞాతత్వము వానిలో ఒక్కటి మాత్రమే. 2012లో ఇస్రాయేలు పరిశోధకులు లాపిడోట్-లెఫ్లర్, బరాక్ అనువారు 142 మందిని జంటలుగా చేసి తత్క్షణ సంభాషణము జరిపించి పరీక్షించిరి. పరుషభాషణమునకు ప్రధానకారణము పేరు తెలియకపోవుట కంటె కన్నులు కలియకపోవుటయే యని వారి నిర్ణయము. కావున పేర్లు వెల్లడిచేసినంతనే నోళ్లు అదుపులోనికి వచ్చునను ఆశకు ఆధారము బలహీనము.

ఐనను దోషములు యథార్థములు. మూడు ఉదాహరణములను చూతము.

మొదటిది సి.బి. సిమ్యులేటరులో జరిగినది. లిండ్సీ వాన్ గెల్డర్ అను రచయిత్రి 1985లో మిజ్ అను పత్రికయందు దీనిని ప్రకటించెను. ప్రమాదమున వికలాంగయై, మాటపడిపోయిన యువతిగా తన్ను చెప్పుకొనిన “జోన్” పెక్కుమంది స్త్రీలకు ఆప్తురా లయ్యెను. కొందరికి ధైర్యము చెప్పి వారి జీవితములను నిలబెట్టెను. తుదకు ఆ “జోన్” నడివయస్సు దాటిన ఒక పురుష మానసిక వైద్యుడని బయలుపడెను. తమ రహస్యములను చెప్పుకొనిన స్త్రీలు మానభంగ మైనట్లు బాధపడిరి. ఇది స్థిరమైన మారుపేరే. ఐనను హాని కలిగినది. నా సూత్రమునకు ఇది రెండవ మినహాయింపు.

దీనిని తెలుగు పత్రికాచరిత్రలోని ఒక విషయముతో పోల్చిన భేదము స్పష్టమగును. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు “ఇల్లాలి ముచ్చట్లు” శీర్షికను పురాణం సీత అను పేరిట వ్రాసిరి. ఒక పురుషుడు ఇల్లాలి గొంతుతో పలికినను ఎవరికిని ద్రోహము జరుగలేదు. ఏలయన పత్రిక చదువరి తన ఇంటి గుట్టును రచయితకు విప్పి చెప్పడు. సంభాషణమున ఇచ్చిపుచ్చుకొనుట ఉన్నది. ఒకరు నిజము నిచ్చి బదులుగా కల్పనను పుచ్చుకొనినచో అది మోసము. పేరు మార్చుకొనుట వేరు, జీవితమునే కల్పించి ఇతరుల విశ్వాసమును పొందుట వేరు.

రెండవది లాంబ్డామూ అను లిఖితలోకమున 1993లో జరిగినది. జూలియన్ డిబెల్ అదే సంవత్సరము డిసెంబరులో విలేజ్ వాయిస్ అను పత్రికలో దీనిని వర్ణించెను. “మిస్టర్ బంగిల్” అను మారుపేరు ధరించిన ఒకడు నిండుసభలో ఇతరుల పాత్రలచేత అసభ్యకృత్యములు చేయించినట్లు వ్రాసెను. బాధితుల దుఃఖము కల్పితము కాదు. సభ్యులు సమావేశమై చర్చించిరి. తుదకు నిర్వాహకులలో ఒకడు ఆ పాత్రను శాశ్వతముగా తొలగించెను. మారుపేరునకు మరణశిక్ష పడినదన్నమాట. కాని కొలదికాలమునకే ఆ మనుష్యుడు మరొక పేరుతో మరలివచ్చెను. పేరు చౌకగా దొరకినచోట శిక్ష వట్టిపోవునని ఈ కథ బోధించుచున్నది.

మూడవది ఢిల్లీలో ఈ శతాబ్దారంభమున జరిగినది. ఒకడు ఒక స్త్రీ పేరుతో సంభాషణశాలలో ప్రవేశించి అసభ్యముగా మాటలాడి, ఆమె టెలిఫోను నంబరును అపరిచితులకు ఇచ్చెను. వేళగాని వేళల వచ్చు పిలుపులతో ఆమె వేధింపబడెను. ఇది కేవల పరనామగ్రహణము. ఇక్కడ దాచబడినది అతని పేరు. బలియైనది ఆమె పేరు. దీనిని మారుపేరుతో ఒకే గాట కట్టుట అన్యాయము.

ఈ దోషములను తలచినపుడెల్ల విరాటపర్వము జ్ఞప్తికి వచ్చును. పాండవుల అజ్ఞాతవాసమునకు మారుపేరే కవచము. కంకుడు, వలలుడు, బృహన్నల యను పేర్లు సంవత్సరమంతయు మారలేదు. ఆ పేర్లతోడనే వారు విరాటుని కొలువున మెప్పు పొందిరి. అయితే ద్రౌపది కథ వేరు. నిండుకొలువున కీచకుడు సైరంధ్రిని తన్నినపుడు ఆమె తన భర్తల పేరు చెప్పుకొనలేకపోయెను. ఎదుటనున్న భర్తలును బయటపడలేకపోయిరి. కవచమే ఆమెకు సంకెల యయ్యెను. మరొక సంగతియు గమనింపవలెను. కీచకునకు ముసుగు లేదు. అతడు తన పేరుతో, తన పదవితో, పట్టపగలు ఆ పని చేసెను. రాజు తెలిసియు దండింపలేదు. హింసకు పేరు దాచుకొనుటయే కారణమనువారు ఈ ఘట్టమును విస్మరింపరాదు. శిక్ష లేదను ధైర్యము ముసుగువలన కలుగవచ్చును, పదవివలనను కలుగవచ్చును.

శాసనములు

అసలు పేర్లను నిర్బంధము చేసిన దేశములలో దక్షిణ కొరియా ముఖ్యమైనది. 2007లో అక్కడ పెద్ద అంతర్జాల సంస్థలలో అభిప్రాయము వ్రాయువారు తమ గుర్తింపును నిరూపింపవలెనను నియమము అమలునకు వచ్చెను. ఇది తత్క్షణ సంభాషణమునకే ఉద్దేశించినది కాకున్నను మన విచారమునకు ఉపకరించును. పోగైన గుర్తింపు వివరములు దొంగలకు నిధి యయ్యెను. 2011 జూలైలో ఒక్క దాడిలో సుమారు మూడున్నర కోట్లమంది వివరములు అపహరింపబడెను. 2012 ఆగస్టు 23న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఏకగ్రీవముగా ఆ నియమమును కొట్టివేసెను.

ఇందుకు విరుద్ధమైన కొసకు ఓమెగిల్ నిదర్శనము. అమెరికాలో 18 ఏండ్ల లీఫ్ కె-బ్రూక్స్ 2009 మార్చిలో దీనిని ప్రారంభించెను. ఇందు మారుపేరు సైతము లేదు. యంత్రము ఇద్దరు అపరిచితులను జతపరచును. తెరపై ఒకరు “నీవు”, మరొకరు “అపరిచితుడు”. విడిపోయినవారు మరల కలియుట దుర్లభము. మర్యాద సంపాదించుకొనుటకు పేరు లేదు, పోగొట్టుకొనుటకును లేదు. 2014లో పదునొకండేండ్ల బాలిక ఒకతె ఇందు ఒక దుర్మార్గునకు జతపడి ఏండ్లకొలది హింస ననుభవించెను. పెద్దయైన తరువాత ఆమె 2021లో సంస్థపై దావా వేసెను. అది రాజీతో ముగియగా, 2023 నవంబరు 8న ఓమెగిల్ మూతపడెను. అక్కడ పరస్పర పరిచయమువలన ఒంటరితనము తీరినవారును కలరు. కాని పసిబిడ్డను కాపాడలేని సంభాషణశాలకు ఆ మేలు సమాధానము కాదు.

మనదేశమున 2011 నాటి నియమములు సైబరు కెఫేలు నడుపువారు వచ్చినవారి గుర్తింపుపత్రము చూచి, వివరములను కనీసము ఒక సంవత్సరము భద్రపరుపవలెనని విధించినవి. 2021 నాటి నియమములు పెద్ద సందేశ సంస్థలు అవసరమైనపుడు ఒక సందేశమును మొదట పంపినవానిని గుర్తించు వీలు కల్పింపవలెనని ఆదేశించినవి. అందరి రహస్యమును భంగపరుపక ఒకని గుర్తించుట సాధ్యముకాదని వాట్సాప్ సంస్థ అదే సంవత్సరము ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున సవాలుచేసినది. మరొకవంక సిగ్నల్ అను సంస్థ 2024లో టెలిఫోను నంబరును దాచి, కల్పితనామముతో సంభాషించు వీలును కల్పించినది. ఒకే కాలమున రెండు ప్రవాహములు ఎదురెదురుగా నడచుచున్నవి.

ఉపసంహారము

ఈ చరిత్రవలన నాకు తోచిన నిర్ణయములు ఇవి. పరనామగ్రహణము ఏ స్వేచ్ఛ పేరిటను సమర్థనీయము కాదు. శుద్ధమైన అనామకత్వము ఆర్తుడు జవాబుదారియైనవానితో మాటలాడుచోట ఔషధము. ఇరువురు అనామకులు కలియుచోట, అందును పిల్లలు చేరుచోట, విషము. మారుపేరు మాత్రము రక్షింపదగినది. అయితే దానికి రెండు షరతులు కలవు. ఒకటి, పేరు స్థిరముగా ఉండవలెను. తప్పుచేసినవాడు క్షణములో మరొకటి తొడుగుకొనుటకు వీలు లేకుండవలెను. రెండవది, గాయపడినవారు చెప్పుకొనుటకు ఒక కొలువు ఉండవలెను; ఆ కొలువునకు చర్య తీసికొను శక్తి ఉండవలెను. అసలు పేరు ఆ కొలువునకు తెలిసిన చాలును, వీథి కంతకును తెలియనక్కరలేదు.

“నీ పేరేమి?” అని అడుగుట మన సంప్రదాయమున పరిచయమునకు మొదటిమెట్టు. అంతర్జాల సంభాషణమున దానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరొకటి యున్నది. అది అందు పాల్గొనువారిని గాక, ఆ శాలను నడుపువారిని అడుగవలసినది: సైరంధ్రి మొరపెట్టుకొనినచో మీ కొలువున వినువా రెవరు? ఈ ప్రశ్నకు ఉత్తరము లేనిచోట అసలు పేరు చెప్పించినను ఆమెకు రక్షణ కలుగదు.